బిడ్డమేక

2003 ఎండాకాలం. ముదిగుబ్బకు అవతల ఒక పల్లె. పొద్దున పూట మేకల దొడ్డిలో ఇద్దరు ఆడవాళ్లు: మేక ఒంటి మీద నెత్తురు తాగే గోమార్లు ఏరుతున్న బయమ్మ, బిడ్డ పాల కోసం గిన్నెతో వచ్చిన అరుణజ్యోతి.

"ఊరికే నిలబడుకోనుంటే ఏమొస్తాదే జోతీ, ఆ చెవి ఇట్ల పట్టుకో. గట్టిగా పట్టుకో. లోపలుండాయి ముండలు, గుత్తులు గుత్తులు."

"అబ్బా! అత్తా, ఇవి గోమార్లా, శెనక్కాయలా? ఇంతింత లావుండాయి!"

"రక్తం తాగి బలిసినాయి. మా చేన్లో శెనక్కాయ కాయల్యా గానీ, దీని చెవుల్లో కాసింది పంట. ఊ, ఆ డబ్బా ఇట్ల జరుపు. కిరసనాయిల్లో ఎయ్యకుంటే మళ్ల పాక్కుంటా వచ్చి దీని మీదికే ఎక్కుతాయి."

"నిన్న గూడా ఏరినావంట గదా."

"నిన్నా ఏరినా, మొన్నా ఏరినా. నేను ఏరతానే ఉండా, అవి ఎక్కతానే ఉండాయి. గోడ సందుల్లో కాపురాలు పెట్టినాయి. నడుము ఇరిగిపోయిందే నాకు. కూసుంటే లెయ్యలేను, లేస్తే కూసోలేను. బేజారైపోయింది బతుకు."

"అత్తా..."

"పాలకేనా? ఉండు, పిండుతా. కిరసనాయిలు చేతులతో పిండితే నీ కొడుకు తాగుతాడా? చేతులు కడగాల, పొదుగు కడగాల. ఈ చెవి ఒకటి అయిపోనీ."

"పాల కోసరం కాదత్తా."

"మళ్ల గిన్నె ఏంటికి తెచ్చినావు?"

"తెచ్చినాలే. అలవాటు."

"ఏమే, మొగమట్లుండాది? మొగునితో కొట్లాడినావా?"

"ల్యా ల్యా. ఏమీ ల్యా. నీ బొల్లి ఏంది, నిలబడలేక గోడకానుకుంటాండాది?"

"నెత్తురు యాడుండాది దానికి? ఇదో, మూతి తెరిచి చిగుర్లు సూడు. సున్నం కొట్టినట్ల తెల్లగా అయిపోయినాయి. మూడు దినాలాయ, కసువు ముందరేస్తే వాసన సూసి తల తిప్పుకుంటాండాది. ఆ కసువు తెచ్చేదానికి నేను పడిన పాటు దానికేం తెలుసు."

"పొగ ఎయ్యల్యా?"

"యాపాకు పొగేసినా. కానగనూనె రాసినా. సీతాఫలం గింజలు నూరి పట్టిచ్చినా. అది కంట్లో పడి రెండు పూటలు నాకే కన్ను తెరుచుకోల్యా. గోమార్లకేమో సున్నిపిండి పెట్టి నీళ్లు పోసినట్ల, ఇంగా కళగా ఉండాయి."

"మళ్ల వీరప్పన్న మందిచ్చినాడంట గదా? ఊర్లో పశువులకంతా ఆయన మందుతోనే తగ్గిందంట."

"ఇచ్చినాడు. చూర్లో పెట్టినా."

"చూర్లో పెడితే గోమార్లు రాలతాయా? పూయాల గానీ."

"మిగిలిన మూడిటికీ రెండు సంతల కిందనే పూసినా. సుబ్బరంగా రాలిపోయినాయి. అవి వట్టిపోయిన మేకలు, పాలు ల్యావు, పూస్తే ఏమాయ? దీనికెట్ల పూసేది? మందు పూసినంక మళ్ల సంత దాకా దీని పాలు మనిషి నోట పడగూడదన్నాడు వీరప్ప. ఒకటికి నాలుగు మాట్లు చెప్పినాడు. మాంసం గూడా అంతేనంట. పెద్దోళ్లకే ఒద్దంటే, పసిబిడ్డకెట్ల పోస్తావు?"

"పూసెయ్ అత్తా."

"ఏంది?"

"దీనికి గూడా పూసెయ్. సచ్చిపోతాది."

"పూస్తే నీ కొడుకు?"

"వాడు... ఎట్లో ఒకట్ల."

"ఎట్ల? నీకా పాలు పడకపోయె. ఊర్లో ఎనుములన్నీ అమ్ముకుంటిరి. ముదిగుబ్బ నుంచి పాకిట్టు తెస్తే బస్సు దిగేలోగా ఇరిగిపోతాది. ఎట్లో ఒకట్ల అంటాండావే, బిడ్డకు గాలి తాపుతావా?"

"అత్తా, నేనొక మాట చెప్పల్ల. నీవు తిట్టగూడదు."

"తిట్టే ఓపిక యాడుండాది నాకు? చెప్పు."

"నిన్న సాయంత్రం అంజినప్ప మామ మా ఇంటి ముందర పోతా పోతా నిలబడుకున్నాడు."

"మా ఆయప్పా? మీ వీధిలో ఏం పని?"

"ఏమో. మా కిరణ్ గాడు గడప మీద కూసోనుండాడు."

"ఉంటే?"

"వాని చేతిలో..."

"ఏముండాది చేతిలో? మింగతావేంటికి, చెప్పు."

"సంగటి ముద్ద."

"సంగటా! నీ కొడుకు సంగటి తింటాండాడా?"

"నాలుగు పండ్లొచ్చినాయి గదత్తా."

"పండ్లు రానీ. ఎప్పట్నుంచి తింటాండాడు?"

"శానాళ్లాయ."

"శానాళ్లంటే?"

"ఉగాది నుంచి."

"ఉగాది నుంచి! మళ్ల పాలు?"

"ముట్టడత్తా. గిన్నె సూస్తేనే మూతి తిప్పుకుంటాడు. బలవంతంగా పోస్తే నా మొగాన ఉమ్ముతాడు."

"మరి రోజూ పొద్దునా సాయంత్రం గిన్నె నిండా తీసకపోతాండావే, ఆ పాలు ఏం చేస్తాండావు? మేయ్, నిన్నే అడిగేది."

"టీ పెడతాండా."

"ఏందీ?"

"మా ఆయప్ప మగ్గం ముందర కూసున్నంక టీ ల్యాకుంటే చెయ్యి ఆడదంటాడు..."

"టీ! నేనీడ ఈ మూగజీవం నెత్తురంతా గోమార్లకు తాపి, చేతిలో ఉండే మందు చూర్లో దాచిపెట్టి, ఏలి గోర్లు పుండ్లయ్యేట్ల ఏరుకుంటా కూసుంటే, నీ మొగుడు చంద్రమోహన్ నా మేక పాలతో టీ తాగుతాండాడా!"

"తిట్టనంటివి."

"తిట్టల్యా. ఏడుస్తాండా."

"ఏడవాకు అత్తా. నా మాట ఇను. నేను గిన్నె తేకపోయింటే ఏమయ్యేది? నీవే చెప్పు. పసిబిడ్డకు పాలిచ్చే మేకను అమ్మగూడదు, కొయ్యగూడదు, పాలకు దుడ్లు తీసుకోగూడదు, ఇదంతా మీ ఊరి కట్టు. మెడకు నల్లదారం కడితే కటికోడు గూడా దండం పెట్టి పోతాడంట. ధర్మవరంలో పుట్టినదాన్ని, నాకీ బిడ్డమేక సంగతులు ఏం తెలుసు? దారం కట్టిన పొద్దు నీవే అంటివి గదా, 'నీ కొడుకు తాగినన్నాళ్లు నా బొల్లి బతుకుతాదే జోతీ' అని."

"అన్యా. కాదనల్యా."

"ఆ మాట నన్ను పట్టుకున్యాది. వాడు పాలు మానేసిన పొద్దే వచ్చి చెప్పల్లని బయల్దేరినా. ఈడికొస్తే నీవు దీని మెడ నిమురుతా దానితో ఏమేమో మాట్లాడతాండావు. నోరు రాల్యా నాకు. గిన్నె చాపినా. అంతే. అప్పట్నుంచి చాపతానే ఉండా."

"నా మేక కోసరమా?"

"మళ్ల? టీ నీళ్లకైతే ఇంత దూరం నడుస్తానా, ఈ ఎండల్లో?"

"అయ్యో నా తల్లీ. నా మేక కోసరం నీవు పాలు మోసకపోతివి. నీ కొడుకు కోసరం నేను మందు పూయకపోతిని. ఇద్దరం కలిసి దాన్ని సంపుతాండాం."

"గోమార్లు ఇంతగా పట్టినాయని నాకెప్పుడన్నా చెప్పినావా నీవు? గడప కాడ గిన్నె తీసుకోని, గడప కాడ్నించే పంపిస్తివి."

"చెప్తే నీవు పాలొద్దంటావని. సరేలే, ఎవర్నని ఏం లాభం. మా ఆయప్ప ఏమన్నాడు, సంగటి సూసి?"

"ఏమీ అనల్యా. వాని గడ్డం పట్టుకోని 'ఏమప్పా, మొగోడివైనావే' అని నవ్వినాడు. మామ నవ్వేది నేనెప్పుడూ సూడల్యా. పోతా పోతా, 'జోతీ, రేపు పొద్దున వచ్చి దారం ఇప్పి పో' అన్నాడు."

"అయిపోయింది. ఇంగ అయిపోయింది."

"ఏమాయ?"

"కదిరి వ్యాపారికి మాటిచ్చినాడు, ఉండేటివన్నీ తోలేస్తానని. వ్యాను ఈ పొద్దే వస్తాది. దారముండాదని ఇన్నాళ్లు దీన్నొక్కదాన్ని ఇడ్సిపెట్టినాడు. అందుకే నిన్న సాయంత్రం నాకు చెప్పకుండా యాడికో పోయినోడు రాత్రికి గూడా ఇంటికి రాల్యా. వ్యానుకు ఎదురు పోయింటాడు."

"నీవు అడ్డం పడొచ్చు గదత్తా?"

"మూడేండ్లాయ వాన పడి. బోరు ఎండిపోయె. మిగిలినవాటికి నేనెప్పుడన్నా అడ్డం పడినానా? మందలో మంద పోయింది, కండ్లు మూసుకున్యా. ఇదొక్కటే. దీని తల్లి ఈనతానే సచ్చింది. గుడ్డ ముంచి నోట్లో పిండి పెంచినా. ఇంట్లో నాతో మాటాడేది ఇదొక్కటే జోతీ. వాన పోయిన పొద్దే ఆయప్ప నోట మాట గూడా పోయింది. బువ్వ పెడితే తింటాడు, చూరు పక్క సూసుకుంటా పండుకుంటాడు. మనిషుండాడో ల్యాడో తెల్దు."

"అయితే ఇట్ల చేద్దాం. దారం నేను ఇప్పను. ఎవరొచ్చినా ఇప్పను. మందు పూసెయ్. నేను ఎప్పట్లాగే గిన్నె తెస్తా. మామ సూస్తాండంగనే పిండు, మామ సూస్తాండంగనే ఎత్తుకోని పోతా. ఇంటెనక గుంత తీసి కుక్క గూడా ముట్టకుండా పూడ్సిపెడతా."

"సంగటి తినేవానికి పాలేంటికని అడిగితే?"

"జరమొచ్చింది, సంగటి పడల్యా అంటా."

"ఛీ, బిడ్డ మీద ఒట్టి జరమేంటికే, నిజంగా వచ్చేపోతాది."

"నా మొగునికొచ్చింది, బిడ్డకు అంటుతాదని భయమంటా. ఆయప్పకొస్తే రానీ, టీ తాగేటోడు."

"నవ్వియ్యొద్దే. నాకు నవ్వు గూడా నొప్పే. ఊ, ఆ చూర్లో చెయ్యి పెట్టు. ఎడం పక్క. ఆ సీసానే. చేతికి ప్లాస్టిక్ కవరు కట్టుకో, నీవే పూయి, నావి పుండు చేతులు."

"ముందర పాలు పిండేసి పూద్దామా?"

"ఎవరికి? నీ మొగునికా? వట్టి టీ నీళ్లు తాగమను ఈ పొద్దు. పిండే ఓపిక ల్యా నాకు. అర బిందె నీళ్లల్లో మూత నిండా పొయ్యి. అంతే, అంతే! ఎక్కువైతే అదే పడిపోతాది."

"వాసన కొడతాండాదమ్మా."

"కొట్టనీ. గుడ్డ ముంచి పిండు. వెంట్రుకలకు ఎదురుగా రుద్దు, తోలుకు తగలల్ల. కండ్ల కాడా మూతి కాడా ఒద్దు, నాకుతాది. తోక కిందా, తొడ సందుల్లోనా బాగా రుద్దు."

"పొదుగు కాడ గూడా గుంపులుండాయత్తా. ఈడ పూయొచ్చా?"

"పాలు వాడే మేకకైతే పూయగూడదు. ఇంగ వాడేదేముండాది? పూసెయ్. చన్నుల చుట్టూ గూడా రుద్దు. ఆడనే అది ఎక్కువ ఎగిరిపడేది."

"ఇదో, రాలతాండాయి! అత్తా, సూడు సూడు, ఒకటే రాలుడు!"

"రాలనీ. మిగిలిన నీళ్లు గోడ సందుల్లో కొట్టు. మూల గూడా. ఊ... అమ్మా, ఎన్నాళ్లకు తోక ఊపిందే ఇది. బొల్లీ. ఏమే బొల్లీ, బాగుండాదా?"

"కండ్లు మూసుకోని నిలబడుకున్యాది, తలంటు పోసుకున్నట్ల."

"నేను గూడా ఇంత సేపు కూసుంటా. ఎండకు దాని ఒళ్లు ఆరనీ. చేతులు కడుక్కోని రా."

"కడుక్కున్యా. మూడు మాట్లు. వాసన పోల్యా... అత్తా, లెయ్యి. మామ వస్తాండాడు."

"వ్యాపారుండాడా ఎనకాల?"

"ల్యా. ఎవరో ఆడమనిషి. చంకలో పసిబిడ్డుండాది. ఎగువపల్లి సుంకమ్మక్క మాదిరుండాది."

"సుంకమ్మకేం పని ఈడ?"

"బయమ్మా! ఏమే బయమ్మా! యాడుండావు? ఆ, జోతీ, నీవు గూడా వచ్చినావా. మంచిదాయ. దారం ఇప్పినావా?"

"ఇప్పను మామా. మా వానికి ఇంగా..."

"సంగటి తినేటోనికి దారమేంటికమ్మా? వాడు తినేది మీ వీధంతా సూసినారు, పాత దారం ఇంగ చెల్లదు. ఇప్పు. బిరీన ఇప్పు. పాత దారం ఉంటే కొత్తది కట్టేదానికి ల్యా."

"కొత్త దారమేంది? ఏమంటాండావయ్యా నీవు?"

"సుంకమ్మ కోడలు మొన్న కాన్పాయ. బిడ్డ ఇదో, ఇంత గుడ్డు. తల్లికి పాలు పడల్యా. ఇంగ ఈ బిడ్డ తాగుతాది మన బొల్లి పాలు."

"నీవెట్ల కనుక్కున్నావు?"

"ఎట్లంటే? నిన్న జోతి కొడుకు సంగటి తినేది సూసిన కాడ్నించి తిరగతానే ఉండా. రాత్రి ఎగువపల్లి బస్టాండ్ కాడ పండుకున్యా. పాలు పడని బాలింత యాడన్నా ఉండాదా అని ఇంటింటికీ అడిగితి. నా వయసోడు అడిగే మాటనా అది? ఇద్దరాడోళ్లు చీపురు తీసుకున్నారు నా మీదికి."

"నీవా? బొల్లి కోసరమా?"

"మళ్లెవరి కోసరం? నోట మాట ల్యాకుంటే చెవులు గూడా ల్యావనుకున్నావా? నీవు దానితో చెప్పుకునేదంతా పండుకోని వింటానే ఉంటి. వ్యాపారికి మాటిచ్చినా, ఎనక్కి తీసుకోలేను. కానీ బిడ్డమేకంటే వాడే ముట్టడు. పనికిరాదు, పాపం అంటాడు. వ్యాను బయల్దేరింది, దావలో ఉండాది. వాడొచ్చేలోగా నలుగురు సూస్తాండంగా ఈ బిడ్డ నోట బొల్లి పాలు పడల్ల. పడినంకనే దారం. ఊ, చెంబు తే. పిండు. ఏమే, అట్ల సూస్తావేంటికి? సంతోషమైతే సంతోషపడు. మేకేంటికి తడిసుండాది?"

"కడిగినామయ్యా."

"మంచి పని చేసినారు. పసిబిడ్డ గదా, సుబ్బరంగా ఉండల్ల. పొదుగు సూడు, ఎంత నిండుకోనుండాదో. ఈ పొద్దు పిండల్యా? అది గూడా మంచిదే. సుంకమ్మా, ఇట్ల రామ్మా, నీడలో కూసో."

"బయమ్మక్కా, ఇదో గిన్నె, గొంతు తడిసేంత పొయ్యి చాలు తల్లీ. నిన్నంతా ఏడ్చినాది బిడ్డ. ఇప్పుడు ఏడుపు గూడా రాల్యా దానికి. సక్కెర నీళ్లు గుడ్డతో నాకిస్తాండా."

"అత్తా... ఒక మాట. ఇట్ల చెవి దగ్గరికి రా. వేడినీళ్లతో పొదుగు బాగా కడిగి... ఇంతే ఇంత. ఒక్క చుక్క. దారం కట్టినంక సంత దాకా ఏదో ఒకటి చెప్తాం. ఎవరికి తెలుస్తాది?"

"నీ కిరణ్ గాడైతే పోస్తావా జోతీ, ఆ చుక్క? చెప్పు. పోస్తావా?"

"పొయ్యను."

"ఏం గుసగుసలే ఆడ? దావలో దుమ్ము లేస్తాండాది, వ్యానే అది! బయమ్మా, పిండు అంటే పిండవేంది?"

"మందు పూసినాం."

"ఏంది?"

"వీరప్ప ఇచ్చిన మందు. ఇప్పుడే పూసినాం. పొదుగుకు గూడా పూసినాం, చన్నులకు గూడా. నేనే పూయమన్యా. ఇన్నాళ్లు పూయనిదాన్ని ఈ పొద్దే పూసినా."

"ఈ పొద్దా! ఈ పొద్దేనా నీకు... కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిపోయినట్ల... అయితే ఒక పూట ఆగితే? సాయంత్రం?"

"సంత దాకా ఒద్దన్నాడు వీరప్ప. పసిబిడ్డకు అసలే ఒద్దు."

"వ్యాపారితో చెప్తా, మందు పూసినాం, మాంసం గూడా పనికిరాదని..."

"చెప్పు. చెప్పల్ల గూడా, తినేది మనుషులే గదా. కానీ వాడు ఆగుతాడా? నీ మూడు మేకలు ఎక్కించి దీన్ని ఇడ్సిపోతాడా? మాటిచ్చింది నీవు."

"అంతా నా వల్లనే మామా. నేను గిన్నె తేకుండా ఉండింటే..."

"గమ్మునుండు జోతీ. ఎవరి వల్లా కాదు. సుంకమ్మా, గిన్నె మూత పెట్టుకో తల్లీ. ఈ పాలు నీ మనవరాలికి పోసేవి గావు. బిడ్డ పెదాలు ఎండిపోయినాయి, ఇంగ ఆలస్యం చెయ్యాకు. ఆస్పత్రికి పోవాల. ఏమయ్యా, అట్ల కూలబడాకు, లెయ్యి. ఎదురు పోయి వ్యాను నిలుపు. ముందర సీటులో సుంకమ్మనీ బిడ్డనీ కూసోబెట్టి, ముదిగుబ్బ ఆస్పత్రి కాడ దింపమని చెప్పు. దావలో యాడా ఆపొద్దని చెప్పు. ఎనకాల బొల్లిని నేనే ఎక్కిస్తా, నేను పిలిస్తే గానీ అది రాదు."